వానొస్తే పకోడీలు వేయించే మైకు: ఒక మరమ్మతు డైరీ

జూలై 6, ఆదివారం

పొద్దున్నే ఆరింటికి రికార్డింగ్‌కి కూర్చున్నాను. యూసుఫ్‌గూడలో మా వీధి నిశ్శబ్దంగా ఉండేది ఆ ఒక్క గంటే. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెద్దది చేసే నాబ్) పెంచానో లేదో చెవుల్లో చిటపట. ఎవరో పక్కనే మూకుడు పెట్టి పకోడీలు వేయిస్తున్నట్టు. ఒక్కోసారి ఆగుతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో వాయి పడుతుంది.

నేను చేసే పని ఆడియో పుస్తకాలు చదవడం. ఇంట్లో సామాన్ల గదినే ఖాళీ చేసి, గోడలకి పాత పరుపులూ రగ్గులూ కట్టి స్టూడియో చేసుకున్నాను. మైకు మాత్రం గదికి తగ్గది కాదు. జర్మన్ కంపెనీది, పెద్ద డయాఫ్రం (గొంతుకి వణికే పొర) ఉన్న కండెన్సర్ మైకు. మా బావగారు 2016లో డల్లాస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొని, చొక్కాల మధ్య చుట్టి తెచ్చిపెట్టారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. తప్పు వాళ్లది కాదని తర్వాత తేలింది కూడా.

నలభై నిమిషాలు ఆన్‌లో ఉంచితే చిటపట తగ్గింది. అప్పటికి కింద కూరగాయల బండి వచ్చేసింది. ఇవాళ్టికి పని లేనట్టే.

జూలై 8, మంగళవారం

రెండు రోజులు అనుమానం ఉన్నవన్నీ మార్చి చూశాను. కేబుల్ మార్చాను, ఇంటర్‌ఫేస్‌లో (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) రెండో ఛానల్‌కి పెట్టాను, ఏసీ ఆపాను, ల్యాప్‌టాప్ చార్జర్ పీకేశాను. పకోడీలు వేగుతూనే ఉన్నాయి. అదే కేబుల్‌కి, అదే ఛానల్‌కి స్టేజీల మీద వాడే ఎస్‌ఎం58 మైకు తగిలిస్తే శుభ్రంగా ఉంది. అంటే గొడవ మైకులోనే.

ఇంకో సంగతి బయటపడింది. ప్రతి పుస్తకానికీ గెయిన్ ఎంత పెట్టానో, మైకుకి ఎంత దూరంలో కూర్చున్నానో నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు. సగంలో ఆపిన పుస్తకం నెల తర్వాత మళ్లీ మొదలుపెడితే గొంతు తేడా రాకూడదని. పోయినేడాది ఇదే గదిలో, జానెడు దూరంలో గెయిన్ 42 డీబీ (డెసిబెల్). ఈ జూలైలో అంతే గొంతు రావాలంటే 52 పెట్టాల్సి వస్తోంది. ఇది ఎప్పుడు మొదలైందో గమనించలేదు. రోజూ చూసే పిల్లలు ఎదిగినట్టు తెలియదు కదా, అలాగే కొంచెం కొంచెంగా తగ్గినట్టుంది.

వరంగల్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడిది పెళ్లిళ్లకీ సభలకీ సౌండ్ సిస్టం పెట్టే పని.

"అక్కా, చిటపటా అంటున్నావ్, లెవెలూ తగ్గింది అంటున్నావ్. క్యాప్సూల్ పోయినట్టే. డబ్బులు రెడీ చేస్కో" అన్నాడు. క్యాప్సూల్ అంటే మైకులో గొంతుని పట్టుకునే బిళ్ల.

జూలై 10, గురువారం

కంపెనీ సర్వీసు వాళ్లకి మెయిల్ పెడితే జవాబు మర్యాదగానే వచ్చింది. చూడకుండా చెప్పలేరట. కొత్త క్యాప్సూల్ పడితే రూ. 62,000 దాకా, పన్నులు వేరే. పైగా మైకు వాళ్ల దేశానికి వెళ్లాలి, రెండు నెలలు మర్చిపోవాలి.

రిపేరుకి విదేశానికి పంపిన వస్తువు తిరిగొచ్చేటప్పుడు మొత్తం విలువ మీద సుంకం వేయరు. రిపేరు ఖర్చు, దానికైన సామాను, రానూపోనూ రవాణా, బీమా, వీటి మీదే వేస్తారు. కాకపోతే పంపేటప్పుడే సీరియల్ నంబరు కాగితాల్లోకి ఎక్కాలి. ఆ వస్తువే వెళ్లింది, అదే తిరిగొచ్చింది అని చూపించగలగాలి. మామూలు కొరియర్‌లో "గిఫ్ట్" అని రాసి పంపేస్తే తిరుగుటపాలో ఏడుపే. ఈ వివరమంతా రాసుకుని, లెక్కేసి, పుస్తకం మూసేశాను. ఈ మైకు నాకు సంపాదించి పెట్టేదానిలో ఆ ఖర్చు దాదాపు ఆర్నెల్ల డబ్బు.

పంపే ముందు ఒకసారి విప్పి చూడాలి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకు కొత్తేం కాదు. ఇంటర్‌లో ఎలక్ట్రానిక్స్ ఒకేషనల్ కోర్సు చదివాను, అప్పుడు మా కాలేజీలో ఆ కోర్సులో నేనొక్కదాన్నే ఆడపిల్లని.

జూలై 12, శనివారం

విప్పాను. అడుగున రింగు తిప్పితే బయటి గొట్టం జారి వచ్చేసింది. పైన జాలీ లోపల క్యాప్సూల్. బంగారు రంగులో పావలా బిళ్ల కంటే పెద్దది, మధ్యలో చిన్న మర. ఆ మెరిసేది నిజంగా బంగారమే, కాకపోతే ఏ కొట్లోనూ తూకానికి రాదు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండని ప్లాస్టిక్ పొర మీద ఆవిరిలా పట్టించిన పూత అది. దానికి చెయ్యి తగలకూడదు, నోటితో ఊదకూడదు, దూదితో అసలే తుడవకూడదు.

టార్చి పక్కనుంచి వేసి చూశాను. దుమ్ము ఉంది, అక్కడక్కడా సన్నటి చుక్కలున్నాయి. నా ఉమ్మి తుంపరలే, సందేహం లేదు. మొదటి రెండేళ్లు పాప్ ఫిల్టర్ (ఊపిరినీ తుంపరనీ ఆపే తెర) లేకుండా చదివాను. పైగా ఆన్‌లో ఉన్నంతసేపూ క్యాప్సూల్ మీద కరెంటు చార్జి ఉంటుంది కాబట్టి గాలిలో దుమ్ముని అదే లాక్కుంటుంది, టీవీ తెర మీద చేరినట్టు. సిగ్గేసింది గానీ, చిరుగు మాత్రం ఎక్కడా లేదు. పొర బిగువుగానే ఉంది.

కింద సర్క్యూట్ బోర్డు చూస్తే మాత్రం ఒళ్లు మండింది. మూడేళ్ల కిందట లోపల ఒక తీగ ఊడిపోతే ఒక షాపులో అతికించి ఇచ్చారు. ఆ అతుకు చుట్టూ తేనె ఒలికినట్టు గోధుమరంగు జిగురు. సోల్డర్ పేస్టు, అతుకు బాగా పట్టడానికి రాసేది. రేడియోకీ మిక్సీకీ అయితే అలా వదిలేసినా నష్టం లేదు. ఇక్కడ అది క్యాప్సూల్ తీగ దగ్గర నుంచి పక్కనున్న లోహం దాకా పాకి ఉంది. దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి దారి పడింది.

ఫోటో తీసి తమ్ముడికి పంపాను. "అది మామూలే అక్కా, అందరూ అట్లనే వదిలేస్తరు" అన్నాడు. వాడి క్యాప్సూల్ సిద్ధాంతం వాడు వదల్లేదు.

జూలై 14, సోమవారం

పార్టులు మార్చడం మొదలుపెడితే అంతు ఉండదు. ముందు కొలుద్దాం అనుకున్నాను.

ఈ మైకుకి కరెంటు విడిగా రాదు. గొంతు వెళ్లే తీగల మీదే ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టులు వస్తాయి. ఫాంటమ్ పవర్. ఈ 48 ఎక్కణ్ణుంచి వచ్చిందనేది నాకు భలే ఇష్టమైన కథ. 1966లో నాయ్‌మన్ అనే జర్మన్ మైకుల కంపెనీ నార్వే రేడియోకి కొత్తరకం ట్రాన్సిస్టర్ మైకులు అమ్మబోయింది. ఓస్లో స్టూడియోల్లో కరెంటు పోతే వెలిగే ఎమర్జెన్సీ లైట్ల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. అదే వాడేసుకుందామన్నారు. అక్కడి లైట్ల కోసం పెట్టిన వోల్టేజీ ఇవాళ ప్రపంచంలో ప్రతి స్టూడియోలోనూ ఉంది. యూసుఫ్‌గూడ సామాన్ల గదిలో కూడా.

కొలత: మైకు లేకుండా ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య 47.6 వోల్టులు. మూడో పిన్ను దగ్గర కూడా అంతే. మైకు తగిలించాక రెండు చోట్లా 44.9. అంటే 2.7 వోల్టులు పడిపోయాయి. ఇంటర్‌ఫేస్‌లో ఒక్కో తీగకి 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి కలిపి చూస్తే సగం, 3.4. భాగిస్తే 0.79 మిల్లీ ఆంపియర్. మైకుతో వచ్చిన కాగితంలో 0.8 అని ఉంది. భోజనం సరిగ్గానే చేస్తోంది. రోగం వేరే చోట.

ఇక్కడ నేనొక వెర్రి పని చేశాను. క్యాప్సూల్‌కి వెళ్లే తీగ మీద మల్టీమీటర్ పెట్టాను. నలభై నాలుగు చూపించాల్సింది 0.43 చూపించింది. దొరికింది దొంగ అని ఎగిరి గంతేశాను. పది నిమిషాల తర్వాత బుర్ర పనిచేసింది. ఆ తీగకి కరెంటు ఒక గిగా ఓమ్ (వంద కోట్ల ఓమ్‌ల) రెసిస్టర్ గుండా వస్తుంది. నా మీటర్ లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు, అంటే దానిలో నూరో వంతు. బొట్టు బొట్టుగా నిండే కుండలో ఎంత నీరుందో చూద్దామని దాని అడుగున నేనే కన్నం పెట్టాను. మైకు బాగున్నా చెడినా ఆ మీటర్ అక్కడ 0.43 దగ్గరదగ్గరే చూపిస్తుంది.

ఇంత పెద్ద రెసిస్టర్ ఎందుకంటే, క్యాప్సూల్ అనేది రెండు రేకుల మధ్య సన్నటి గాలి పొర, అంతే. నా గొంతుకి ముందు రేకు వణికితే దాని మీదున్న చార్జి నుంచి సిగ్నల్ పుడుతుంది. ఆ చార్జి బయటికి జారిపోకూడదు. 70 పికో ఫారడ్‌ల (చార్జి పట్టే సామర్థ్యానికి కొలత) క్యాప్సూల్, 20 హెర్ట్జ్ అంత మంద్రమైన శబ్దం దగ్గర, వంద మెగా ఓమ్‌ల పైమాట నిరోధంలా ఉంటుంది. దాని ముందు మామూలు రెసిస్టర్ పెడితే మంద్రం మొత్తం కొట్టుకుపోతుంది. అందుకే గిగా ఓమ్. అందుకే అక్కడ పడిన వేలిముద్ర కూడా తీగలా పనిచేస్తుంది, అందునా వానాకాలంలో.

జూలై 17, గురువారం

మళ్లీ వాన. గదిలో తేమ 81 శాతం. మైకు పొద్దున్నుంచీ చిటపటమంటోంది. పరీక్షకి ఇంతకన్నా మంచి రోజు రాదు.

క్యాప్సూల్‌ని తప్పించి చూడాలి. దాని తీగ విప్పి, ఆ స్థానంలో ఒక 68 పికో ఫారడ్ కెపాసిటర్ అతికించాను. సర్క్యూట్‌కి సంబంధించినంతవరకు క్యాప్సూల్ ఉన్నట్టే, కాకపోతే చెవిటిది. మొత్తాన్ని పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి, పక్కన కన్నం చేసి కేబుల్ బయటికి లాగి, డబ్బాని ఎర్త్‌కి కలిపి మూత పెట్టాను. డబ్బా లేకపోతే ఇంట్లో ఫ్యాన్ల గోల అంతా హమ్ రూపంలో వచ్చి పడుతుంది. మొదటిసారి మూత సరిగ్గా పడక అరగంట ఆ హమ్మునే విన్నాను.

మూత బిగించి, ఫాంటమ్ వేసి, రెండు నిమిషాలు ఆగి గెయిన్ పెంచాను.

చిటపట! అదే మూకుడు, అవే పకోడీలు.

ఇంత మంచి చెడ్డవార్త ఈ మధ్య వినలేదు. క్యాప్సూల్ లేకపోయినా చప్పుడు ఉందంటే చప్పుడు క్యాప్సూల్‌ది కాదు. తమ్ముడికి రికార్డు చేసి పంపాను. కాసేపు నీలం టిక్కులే. ఆ తర్వాత: "మరి లెవెల్ ఎందుకు తగ్గిందే అక్కా?"

మంచి ప్రశ్నే.

జూలై 19, శనివారం

ఆ ప్రశ్నకి జవాబు దొరికే దారి కూడా వాడే చెప్పాడు. అందుకే తిట్టకుండా వదిలేశాను.

కరెంటు తీసుకోకుండా వోల్టేజీ కొలవడానికి పాతకాలం పద్ధతి ఒకటుంది. అవతల ఎంతుందో ఇవతలా అంతే పెడితే మధ్యలో ఏమీ పారదు. త్రాసు లాంటిదన్నమాట. కొత్త 9 వోల్టుల బ్యాటరీలు ఐదు కొని వరసగా గుచ్చాను, 47 వోల్టులొచ్చాయి. దానికి అడ్డంగా 100 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్. మధ్య కాలు నుంచి మీటర్‌కి, మీటర్ నుంచి క్యాప్సూల్ తీగకి. ప్రోబు తీగ దేనికీ తగలకుండా పైనుంచి దారంతో వేలాడదీశాను. ఇక నాబ్ తిప్పుతూ మీటర్ సున్నాకి వచ్చే చోటు వెతకడమే. సున్నా వచ్చిందంటే రెండు వైపులా సమానం. అప్పుడు బ్యాటరీ వైపు ఎంతుందో కొలుచుకుంటే చాలు. అక్కడ ఏ మీటరైనా నిజమే చెబుతుంది.

నాబ్ తిప్పి చెయ్యి తీసి ఆగాలి, తిప్పి ఆగాలి. దగ్గర నిలబడి చెయ్యి ఊపినా అంకెలు ఊగుతున్నాయి. చివరికి ఊపిరి బిగబట్టి చదివాను. 14 నుంచి 15 మధ్యలో సున్నా.

గిగా ఓమ్‌కి ముందు 44 ఉంది. తర్వాత 44 ఉండాల్సిన చోట 15 కూడా లేదు. మూడో వంతు. ఒక గిగా ఓమ్ గుండా వస్తున్నది మూడో వంతుకి పడిపోయిందంటే, ఎక్కడో అర గిగా ఓమ్ మేర కారుతోందని లెక్క. చార్జి మూడో వంతయితే గొంతూ మూడో వంతే వస్తుంది. డీబీల్లో తొమ్మిదిన్నర. నా నోటుబుక్కులో తేడా పది!

ఆ అంకెల పక్కన గీత గీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. లెవెల్ తగ్గడమూ చిటపటా రెండు రోగాలు కావు. పేస్టు మీద పడ్డ ఆ నల్లటి దారిలోంచి చార్జి జారిపోతోంది. నిలకడగా జారేదానికి గొంతు సన్నబడింది, తడి వల్ల ఆగి ఆగి జారేదానికి పకోడీలు వేగాయి. అరవై రెండు వేలకి క్యాప్సూల్ మార్చినా, ఆ పేస్టు తుడవకపోతే వచ్చే వానకి మళ్లీ ఇదే వంట.

జూలై 22, మంగళవారం

నిన్న బోనాల సెలవు. ఇవాళ కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీలో నడవాలంటే ముందు భుజాలు కుదించుకోవాలి. కొన్నవి: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు, సన్న సోల్డర్, మెత్తని బ్రష్షులు రెండు, ఒక ట్వీజర్. మెడికల్ షాపుల్లో దొరికే స్పిరిట్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, దీనికి పనికిరాదు. తడి వదిలించడానికి వచ్చి తడి పూసినట్టవుతుంది.

జూలై 24, గురువారం

ఇవాళ రాయాలని లేదు. రాయకపోతే డైరీ ఎందుకు?

పొద్దున అంతా బాగానే సాగింది. క్యాప్సూల్‌ని విడదీసి మూతున్న స్టీలు గిన్నెలో దాచాను. బోర్డు మీద ఆల్కహాల్ వేసి బ్రష్షుతో పామితే పేస్టు కరిగి పసుపునీళ్లలా కారింది. టిష్యూ అద్దడం, మళ్లీ కొత్త ఆల్కహాల్, మళ్లీ అద్దడం. అయిదారుసార్లు. పేస్టు కరిగిన ఆల్కహాల్ అక్కడే ఆరిపోతే మురికి పోదు, పలచబడి బోర్డంతా పరుచుకుంటుంది. అందుకే అద్దకం ముఖ్యం.

ఒక కెపాసిటర్ కిందికి కూడా పేస్టు చేరింది. క్యాప్సూల్‌కీ ఎఫ్‌ఈటీకీ (దాని సిగ్నల్‌ని అందుకునే ట్రాన్సిస్టర్) మధ్య వారధి అది. 1000 పికో ఫారడ్, పాలిస్టైరీన్ రకం. చూడ్డానికి గాజు గొట్టంలో వెండి రేకు చుట్టినట్టు ముద్దుగా ఉంటుంది. ఒక కాలు ఊడదీసి పైకి లేపితే కింద తుడవచ్చనుకున్నాను. కాలు ఊడుతుండగా వీధిలో ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. చెయ్యి అరంగుళం జరిగింది. సోల్డరింగ్ ఐరన్ మొన ఆ గొట్టానికి తగిలింది.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. పాలిస్టైరీన్ వంద డిగ్రీలకే మెత్తబడిపోతుంది, నా ఐరన్ మూడొందల యాభై మీద ఉంది. గొట్టం సొట్టపడి, ముడుచుకుపోయి, మంట దగ్గర పెట్టిన ప్లాస్టిక్ చెంచాలా అయింది. గదిలో సన్నగా తియ్యటి వాసన.

అంతా మూసి బయటికి వచ్చి కూర్చున్నాను. హారన్ కొట్టినవాణ్ని తిట్టుకుందామన్నా, సోల్డరింగ్ చేసేటప్పుడు కెపాసిటర్ కాలికి పట్టకారు తగిలించి వేడిని ఆపాలని ఇంటర్‌లోనే నేర్పారు. బద్ధకించింది నేను.

జూలై 29, మంగళవారం

అయిదు రోజుల్లో కోఠికి మూడోసారి. పాలిస్టైరీన్ అంటే కొట్టువాళ్లు వింతగా చూస్తున్నారు. ఒకాయన గుండ్రటి సిరామిక్ చేతిలో పెట్టి "వాల్యూ సేమే మేడమ్" అన్నాడు. వాల్యూ ఒకటే, నిజమే. కానీ చవక సిరామిక్‌లు కొన్ని మీద తడితే అవే మైకులా పలుకుతాయి. మైకులో ఇంకో మైకు ఎందుకు? అలా పలకని ఎన్‌పీ0 రకం సిరామిక్ అయితే ఫర్వాలేదు. ఆ రకం కావాలంటే కొట్టులో వంద రకాలు కలిసిన డబ్బా చూపించి ఏరుకోమన్నారు.

ఎవరో చెబితే, గల్లీ చివర మెట్లకింద కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పాత రేడియోలు బాగుచేస్తాడు. ఆయన వెనక గోడంతా విప్పిన రేడియోలే, పేగులు బయటికి వేలాడుతూ. నేను కరిగిన కెపాసిటర్ తీసి చూపించాను. కళ్లద్దాలు పైకెత్తి, దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వాడు.

"జలా దియా, బేటా?"

"నేనే చాచా. చెయ్యి జారింది."

"ఇవి ఇప్పుడు ఎవరు తెస్తున్నరు? పాత ట్రాన్సిస్టర్ల ఉంటయి." అని ఒక బిస్కెట్ డబ్బా ఒంపాడు. మైకు పరీక్షకి నేను వాడిన డబ్బా లాంటిదే. అందులోంచి బోర్డు ముక్క ఒకటి వెతికి తీసి, దాని మీది రెండు కెపాసిటర్ల కాళ్లకి తడిబట్ట చుట్టి, నేను చేయాల్సినట్టే చేసి, వాటిని ఊడదీశాడు. మీటర్ మీద పెట్టి చూపించాడు. ఒకటి 990, ఇంకోటి 1012.

"దేనికి పెడ్తవ్?" అంటే మైకుకి అన్నాను. ఏ మైకు అన్నాడు. ఫోన్‌లో ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. అలాంటివి ఎప్పుడో రేడియో స్టేషన్‌లో చూశాడట. డబ్బులెంత అంటే ఇరవై అన్నాడు. యాభై ఇచ్చాను. ముప్పై తిరిగిచ్చేశాడు. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పాడు: రంగు గీత ఉన్న కాలు బయటి రేకుది, దాన్ని ఎఫ్‌ఈటీ వైపు పెట్టకు, పాతది ఎటు ఉందో చూసుకున్నావా అని.

చూసుకోలేదు. ఇంటికొచ్చి విప్పిన రోజు తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఎర్ర గీత క్యాప్సూల్ వైపే ఉంది.

ఆగస్టు 2, శనివారం

ఈసారి కాలికి పట్టకారు, పైన తడి దూది, ఫోన్ సైలెంట్, కిటికీ మూసి. 990ది అతికించాను. రెండు సెకన్లు వేడి, పది సెకన్లు ఆగడం. అతుకు చిన్నదిగా, మెరుస్తూ వచ్చింది. పేస్టు వాడలేదు, సోల్డర్ లోపల ఉన్న రెసిన్ చాలు. అది కూడా కడిగేశాను.

తర్వాత ఆరబెట్టడం. బియ్యం డబ్బాలో పెట్టమని మా అత్తయ్య సలహా. ఫోన్ నీళ్లలో పడినప్పుడు అలాగే చేసి బాగుపడిందట. బియ్యంలో తౌడు ఉంటుంది అత్తయ్యా, దుమ్ము చేరుతుంది అన్నాను. "కడిగి ఆరబోసి పెట్టు మరి" అన్నారు. గాలి చొరని డబ్బాలో అరకిలో సిలికా జెల్ పోసి, దాని మీద గుడ్డ పరిచి బోర్డు పెట్టాను. క్యాప్సూల్ ఇంకో డబ్బాలో. దాన్ని శుభ్రం చేసే సాహసం చేయలేదు. ఆ ఉమ్మి చుక్కలు నాతోనే ఉంటాయి.

ఆగస్టు 5, మంగళవారం

మూడు రోజులైంది. నీలం గింజలు పైవరసలో గులాబీకి తిరిగాయి. అంత నీరు పీల్చాయన్నమాట.

బిగించాను. బోర్డుని ముట్టుకోవాల్సిన చోటల్లా గ్లౌజులతోనే పట్టుకున్నాను. ముందు 44.9 చూశాను, పాత అంకే. తర్వాత మళ్లీ ఐదు బ్యాటరీలు, దారం, నాబ్. పదిహేను దగ్గర సున్నా రాలేదు. ఇరవై దగ్గర రాలేదు. ముప్పై దాటింది. నలభై దాటింది. 43 దగ్గర మీటర్ అటూ ఇటూ ఊగి సున్నా మీద నిలబడింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికి చెప్పాలో తెలియక బ్యాటరీలు విప్పి డబ్బాలో సర్దుకున్నాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీకి తమ్ముడు వచ్చాడు. రాఖీ కట్టించుకుని, స్వీటు నోట్లో పెట్టుకునే గదిలోకి నడిచాడు. పొద్దున్నుంచి ముసురు, తేమ 79. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను మైకు ముందు కూర్చుని ఎప్పుడూ చదివే పరీక్ష వాక్యమే చదివాను: "లక్ష భక్ష్యాలు భక్షించు లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా?" 'భ' దగ్గర ఊపిరి కొట్టిందా, 'క్ష' దగ్గర గీసుకుందా అన్నది దీంతో తేలిపోతుంది. గెయిన్ 42.

వాడు హెడ్‌ఫోన్స్ తీయలేదు. "ఏం మాట్లాడకు" అని చేత్తో సైగ చేశాడు. నిశ్శబ్దాన్ని వింటున్నాడు. ఒక నిమిషం అయ్యాక తీసి, "ఫ్రిజ్ ఆన్ అయింది" అన్నాడు. ఫ్రిజ్ వంటింట్లో ఉంది, మధ్యలో రెండు తలుపులున్నాయి.

క్యాప్సూల్ గురించి నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. వెళ్లేముందు మాత్రం, తన దగ్గర కూడా వానాకాలం గురగురమనే మైకు ఒకటుందనీ, వచ్చే నెల తెస్తాననీ అన్నాడు.

ఖర్చు: ఆల్కహాల్, సోల్డర్, బ్రష్షులు, ట్వీజర్ కలిపి రూ. 1,150. బ్యాటరీలు, వాల్యూమ్ కంట్రోల్ రూ. 340. సిలికా జెల్ రూ. 280. చాచాకి 20. ఆటోలు, మెట్రో లెక్క రాయలేదు.

ఆగస్టు 26, మంగళవారం

ఆగిపోయిన పుస్తకంలో పదకొండు అధ్యాయాలు పూర్తయ్యాయి. పని అయిపోగానే మైకుని స్టాండు మీద వదిలేయడం లేదు. ఫాంటమ్ ఆపి, నిమిషం ఆగి, విప్పి, సిలికా జెల్ ఉన్న డబ్బాలోకి. గింజలు గులాబీ రంగు తిరిగితే చిన్న మంట మీద బాణలిలో వేయించి మళ్లీ నీలం చేస్తున్నాను, వంటకి వాడని బాణలిలో. పాప్ ఫిల్టర్ లేకుండా ఒక్క మాట కూడా చదవడం లేదు.

ఇవాళ పన్నెండో అధ్యాయం మొదలుపెట్టాను. రెండు పేజీలు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో పేజీలో హెడ్‌ఫోన్స్‌లో దూరంగా ఏదో ధన్ ధన్ అని మొదలైంది. మళ్లీ రోగం తిరగబెట్టిందేమోనని గుండె ఆగినంత పనైంది. గబగబా గెయిన్ తగ్గించి, హెడ్‌ఫోన్స్ తీసి విన్నాను.

నాలుగు వీధుల అవతల వినాయకుడి మండపంలో స్పీకర్లు టెస్ట్ చేస్తున్నారు. రేపే చవితి. మైకు విప్పి డబ్బాలో పెట్టేశాను. నిమజ్జనం అయ్యేదాకా రికార్డింగ్ లేదు.